తెరకు అవతలి చెయ్యి

నాగలత లోపలికి వెళ్ళి గడియ పెట్టుకుంది. ఆ చప్పుడు వరండాలో కూర్చున్న గ్రేస్ దాకా వినిపించింది.

తెల్లవారితే నాగలత పెళ్ళి. పందిరి వేసేవాళ్ళు నిచ్చెన మీద నుంచే మెడలు తిప్పి ఇంట్లోకి చూశారు. పెరట్లో వంటల దగ్గర గరిటెల చప్పుడు ఆగింది. పొద్దుట్నుంచీ మోగుతున్న సన్నాయి స్పీకరును ఎవరో వెళ్ళి కట్టేశారు.

గ్రేస్ కాళ్ళ దగ్గర ఒక రేకు పెట్టె ఉంది. అందులో అడ్డుతెర ఉంది. రేపు జీలకర్ర బెల్లం పెట్టే వేళ దాకా పెళ్ళికూతురికీ పెళ్ళికొడుక్కీ మధ్య పట్టి ఉంచే గుడ్డ అది. వానలు తగ్గిన దగ్గర్నుంచీ గ్రేస్‌కు అదే పని, అదే లోకం. పక్కన ఆమె తమ్ముడు జస్టిన్ గోరింటాకు కోన్ల సంచిని ఒళ్ళో పెట్టుకుని నేలకేసి చూస్తున్నాడు. తెర మీద కుట్టు అక్కది, గోరింటాకు గీత తమ్ముడిది. వాళ్ళ ఊరు ములకలపల్లిలో జనం వాళ్ళిద్దరి పేర్లూ విడదీసి పలకరు.

పొద్దున తల్లాడలో బస్సు దిగి ఈ ఇంటికి వచ్చినప్పుడు పెళ్ళికూతురి తల్లి హైమ ఎదురొచ్చి, కుర్చీలు వేయించి, ఇడ్లీలు పెట్టింది. ఆ తర్వాత సత్తుపల్లి నుంచి ఒక్క ఫోను వచ్చింది. అంతే, మళ్ళీ వాళ్ళ వైపు చూసిన మనిషి లేడు.

ఫోను చేసింది పెళ్ళికొడుకు పెదనాన్న. తండ్రి పోయిన పిల్లాణ్ణి చేతుల మీద పెంచిన మనిషి. ఆ ఇంట్లో ఆయన మాటకు తిరుగు లేదు. ఆయన కోపంగా ఏమీ అనలేదట. అమ్మాయికి గోరింటాకు పెట్టడానికి మగవాణ్ణి పిలిపించారని విన్నాను, నిజమేనా బావగారూ అని అడిగాడట. మా ఇంటికి రాబోయే పిల్ల చెయ్యి పూటంతా పరాయివాడి చేతిలో ఉంటే మా వాళ్ళకు నేనేం చెప్పుకోవాలి అన్నాడట. అంత మెత్తగా అన్న మాటకు బదులు చెప్పలేక పెళ్ళికూతురి తండ్రి వెంకటనారాయణ సరేనని ఫోను పెట్టేశాడు.

నాగలత ఊరుకోలేదు. తండ్రితో వాదించింది. వాదన సాగక గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది.

వెంకటనారాయణ కాసేపటికి వరండాలోకి వచ్చాడు. మిరప తోటల్లో ఎండకు మాడిన పొడుగాటి మనిషి. నిలబడే మాట్లాడాడు. ఖమ్మం నుంచి బ్యూటీ పార్లర్ అమ్మాయి బయలుదేరిందనీ, తెర ఇక్కడ పెట్టి వెళ్తే రేపు వాడుకుంటామనీ, కారు పెట్టి ములకలపల్లిలో దింపిస్తాననీ చెప్పాడు. ఏమీ అనుకోవద్దన్నాడు.

జస్టిన్ లేచి సంచి భుజాన వేసుకున్నాడు. "పోదాం పా అక్కా," అన్నాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

గ్రేస్ లేవలేదు. "తెర ఒక్కటే ఇచ్చిపోతే అది సగం పనే సార్," అంది.

"సగమేంటమ్మా? అయిపోయిందన్నావుగా?"

"తెర అయింది. చెయ్యి కాలేదు."

వెంకటనారాయణకు అర్థం కాలేదు. అతని వెనక వాలుకుర్చీలో కూర్చున్న ముసలామె మాత్రం తల ఎత్తింది. ఆవిడ సీతారావమ్మ, వెంకటనారాయణ తల్లి. ఇంత గొడవలోనూ పొద్దుట్నుంచి ఒక్క మాట మాట్లాడలేదు.

"ఏదీ, ఆ సగమేంటో చూపించమ్మాయ్," అంది.

గ్రేస్ పెట్టె మూత తీసింది. అక్కా తమ్ముడూ చెరో కొసా పట్టుకుని తెరను విప్పి, వరండా స్తంభాల మధ్య చాపారు.

నిచ్చెన మీది మనిషి కిందికి దిగాడు. హైమ వంటింట్లోంచి తడిచేతులతోనే వచ్చి గుమ్మంలో ఆగిపోయింది.

కరక్కాయ నీళ్ళలో నానబెట్టి ఎండేసిన ఖద్దరు గుడ్డ అది. లేత పసుపు పచ్చగా ఉంది. దాని మీద కింది నుంచి పైకి ఒక తీగ పాకుతోంది. తీగను గోరింటాకు ముద్దతో జస్టిన్ గీశాడు. గీత మీదుగా గ్రేస్ అడవిలో దొరికే అడ్డతీగ నారను సన్నగా పేని, అతికినట్టు కుట్టింది. చేత్తో తడిమితే నిజం తీగలాగే తగులుతుంది. దానికి అటూ ఇటూ రెండు రెక్కల ఆకులు. మోదుగ పూల రంగు వేసిన దారంతో చిన్న చిన్న పూలు. మొగ్గలున్న చోటల్లా గురివింద గింజలు.

సీతారావమ్మ కుర్చీలోంచి లేచి దగ్గరికి వచ్చింది. ఒక ఆకు మీద వేలు పెట్టింది.

"ఇది విస్తరాకు కదా."

"అవ్ అమ్మమ్మగారూ, అడ్డాకే. మా అడవిల తీగకు గిట్లనే రెండు రెక్కలు కలిసి ఒక్క ఆకు అయితది. పెళ్ళికి ఇంతకన్న మంచి ఆకు నాకు దొరకలే."

ముసలామె వేలు ఆకు నుంచి గింజకు జరిగింది. అక్కడ ఆగింది. పెళ్ళి తెర మీద నలుపేంటని అడిగింది. గురివింద ఎరుపే గానీ దాని మూతికి నల్ల మచ్చ ఉంటుంది.  ఇన్ని నెలల్లో ఆ మాట గ్రేస్‌కు తట్టనే లేదు. మచ్చ గుడ్డ వైపుకు పోయేలా ప్రతి గింజనూ తిప్పి కుడతాననీ, సాయంత్రానికల్లా ఒక్క నల్ల చుక్క కనిపించదనీ చెప్పింది.

"మీ పెళ్ళిళ్ళలో తెర ఉండదు కదా. నీకెట్లా తెలుసు ఇదంతా?"

"మాకు తెర పెళ్ళికూతురి నెత్తి మీదనే ఉంటదండీ. భద్రాచలంల సిస్టర్ల దగ్గర నేను మొదట కుట్టింది గా ముసుగులే."

సీతారావమ్మ నవ్వలేదు గానీ ఆమె ముఖం కొంచెం సడలింది. తీగను అనుసరించి కళ్ళు పైకెత్తింది. గుడ్డ పై అంచు దగ్గర తీగ ఉన్నట్టుండి ఆగిపోయింది.

"ఇక్కడ తెంపేశావేంటి?"

గ్రేస్ తన కొసను పందిరి మనిషి చేతికిచ్చి తెర వెనక్కి వెళ్ళింది. కుడిచెయ్యి ఎత్తి, తెర అంచు మీదుగా అవతలికి చాపింది. సరిగ్గా తీగ ఆగిన చోట ఆమె మోచెయ్యి ఆనింది.

"రేపు నాగలత మేడమ్ గిట్ల చెయ్యి దాటించి ఆ అబ్బాయి నెత్తి మీద జీలకర్ర బెల్లం పెడతది. తీగ తెర మీదికెల్లి ఆమె చెయ్యి ఎక్కి, వేళ్ళ దాకా పోయి, అవతలికి చేరతది. గుడ్డ మీద గీసిన చెయ్యే ఆమె మీద గూడ గీయాలె. వేరేటోళ్ళు గీస్తే తీగ అక్కడ అతుకు పడతది."

 గ్రేస్ చెయ్యి గాలిలో అలాగే ఉండిపోయింది.

గది గడియ తీసిన చప్పుడైంది. నాగలత కిటికీలోంచి అంతా చూస్తూనే ఉంది. వ్యవసాయ శాఖలో పని చేసే ఆ పిల్ల, పంటల సర్వేకని ములకలపల్లి వచ్చినప్పుడు కంచె మీద ఆరేసిన గ్రేస్ గుడ్డలు చూసి, మోటార్ సైకిల్ ఆపి లోపలికి వచ్చింది. ఆ రోజే తన పెళ్ళి తెర పని వీళ్ళ చేతుల్లో పెట్టింది. ఇప్పుడు ఏడ్చిన కళ్ళతో వచ్చి తెర ముందు నిలబడి, నాయనమ్మ కేసి చూసింది. తండ్రి కేసి చూడలేదు.

వెంకటనారాయణ ఇబ్బందిగా కదిలాడు. బాగుంది, కాదనను, కానీ ఆయనకు మాటిచ్చాను కదా అన్నాడు.

"ఒరే నారాయణా," అంది సీతారావమ్మ. "నా పెళ్ళికి నాకు గాజులు తొడిగింది ఎవరనుకున్నావు? గాజుల మస్తాను. నా వేళ్ళు పిండి పిండి ఎక్కించాడు. మీ నాన్న పక్కనే నిలబడి, అమ్మాయికి నొప్పి లేకుండా తొడగవయ్యా అన్నాడు. ఇన్నేళ్ళలో ఒక్కరూ దాన్ని తప్పనలేదు."

"నువ్వన్నది నిజమే అమ్మా. ఆయన అడిగితే ఏం చెప్పను?"

"పిల్ల చెయ్యి మా అమ్మ పట్టుకుంది అని చెప్పు." ఆవిడ జస్టిన్ వైపు తిరిగింది. "అబ్బాయ్, దాని చెయ్యి నా చేతిలో ఉంటుంది. నీ వేలు తగలకూడదు. కోను మొన ఒక్కటే తగలాలి. చెయ్యగలవా?"

జస్టిన్ ఆలోచించాడు. చెయ్యి పట్టుకోకుండా గీయడమంటే గాలిలో గీయడమే. ఆనిక ఉండదు. అతను సంచిని భుజం మీంచి దించాడు.

"చేస్త అమ్మమ్మగారూ," అన్నాడు.

స్పీకరు మళ్ళీ మోగింది.

*

నడింట్లో చాప వేశారు. నాగలత గోడకు ఆనుకుని కూర్చుంది. సీతారావమ్మ పక్కన పీట మీద కూర్చుని, మనవరాలి ముంజేతిని రెండు అరచేతుల్లో పెట్టుకుంది. ఎదురుగా జస్టిన్ బాసింపట్టు వేసుకుని, కుడి మణికట్టును ఎడమచేత్తో పట్టుకుని మొదటి గీత దించాడు.

గోరింటాకు ముద్దలో కలిపిన జామాయిల్ నూనె వాసన ఇంట్లో నిండింది. వంటల పొగను కూడా అది అణిచేసింది.

గ్రేస్ కిటికీ దగ్గర తెర పరుచుకుని గింజలు తిప్పి కుడుతోంది. సూది తన దారిన తాను పోతుంటే కళ్ళు తమ్ముడి మీదే ఉన్నాయి. ముసలామె చెయ్యి సన్నగా వణుకుతుంది. ఆ వణుకుతో పాటు పెళ్ళికూతురి చెయ్యీ కదులుతుంది. జస్టిన్ తొందరపడటం లేదు. వణుకు ఆగే క్షణం కోసం కోను ఎత్తి కాచుకుంటాడు. ఆగగానే ఒక ఆకు. మళ్ళీ కాచుకుంటాడు. మళ్ళీ ఒక రెక్క. అతని నుదుటి చెమట ముక్కు దాకా జారుతుంటే హైమ తువ్వాలు తెచ్చి తుడిచింది. తుడిచాక గానీ తానేం చేసిందో ఆమెకు తెలియలేదు. చప్పున వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఖమ్మం పార్లర్ అమ్మాయి వచ్చింది. గుమ్మంలోనే నిలబడి చూసి, చెప్పులు విడిచి, చప్పుడు చేయకుండా వచ్చి గ్రేస్ పక్కన కూర్చుంది. పని చేయడానికి వచ్చినట్టు ఆమెకు గుర్తే లేదు.

మధ్యాహ్నం భోజనాలకు పిలిచారు. సీతారావమ్మ లేవనంది. హైమ అన్నం కలిపి తెచ్చి అత్తగారికి ముద్దలు పెట్టింది. ఆవిడ నములుతూనే జస్టిన్‌కు పని పురమాయించసాగింది. ఇంత పెద్ద తీగ మీద ఒక్క పిట్ట కూడా వాలదా అని అడిగింది. జస్టిన్ మణికట్టు దగ్గర ఒక పిట్టను దించాడు. దాని ముక్కు పొడుగైందని ఆవిడ అంది. అది తేనెపిట్ట, దాని ముక్కు గంతే ఉంటదని అతను చెప్పాడు. ఆవిడ వంగి చూసి, అవును అంతే ఉంటుంది అని ఒప్పుకుంది. నాగలత నవ్వాపుకోలేక కదిలితే ఇద్దరూ కలిసి కసిరారు.

సాయంత్రం పెళ్ళికొడుకు ఉదయ్ భాస్కర్ వీడియో కాల్ చేశాడు. నాగలత వదిన ఫోను పట్టుకుని తెరనూ చేతినీ చూపించింది. అతను చేతిని ఇంకా దగ్గరగా చూపించమన్నాడు. తర్వాత గ్రేస్‌ను అడిగాడు, తీగ చెయ్యి దాటి వచ్చాక తన వైపు ఏమవుతుందని.  మీ తల మీద చేరుతుంది, అక్కడికి అయిపోతుంది అంది గ్రేస్.

"మరి నా చెయ్యి కూడా అటు వస్తుంది కదండీ. అది ఉత్త చెయ్యేనా?" అన్నాడతను.

అందరూ నవ్వారు. గ్రేస్‌కు నవ్వు రాలేదు. ఆ ప్రశ్న సూది మొనలా ఆమెకు గుచ్చుకుంది. తెర కుట్టినన్నాళ్ళూ ఆమె పెళ్ళికూతురి వైపు నుంచే చూసింది.

*

పొద్దున్నే పెళ్ళి జరిగే ఫంక్షన్ హాలుకు వచ్చేసరికి నాగలత చెయ్యి పండింది. మోచేతి నుంచి వేళ్ళ దాకా ముదురు ఎరుపు. దాన్ని చూడటానికి వచ్చిన ప్రతి ఆడమనిషీ ఆ చేతిని ఒకసారి ముట్టుకుని గానీ వెళ్ళలేదు. సీతారావమ్మ కుర్చీ వేయించుకుని పక్కనే కూర్చుని, తేనెపిట్ట ముక్కు గురించి అందరికీ చెబుతోంది.

అప్పుడు నాగలత గ్రేస్‌ను దగ్గరికి పిలిచింది. ఫోను చూపించింది. విడిది నుంచి ఉదయ్ మెసేజ్ పెట్టాడు. నిన్న నవ్వులాటకు అనలేదనీ, తన చేతి మీద కూడా తీగ కావాలనీ, ఎవరినైనా పంపమనీ.

 గోరింటాకు పండటానికి టైము లేదు. ఎంత తొందరగా పెట్టినా లేత నారింజ రంగే వస్తుంది. రానీ. జస్టిన్ అప్పటికే కోన్లు తీసుకుని మెట్లు దిగుతున్నాడు. విడిది హాలుకు వెనకాలే ఉంది.

అతను ఎంత జోరుగా వెళ్ళాడో అంత నెమ్మదిగా తిరిగి వచ్చాడు. గుమ్మం దగ్గరే పెదనాన్న ఆపాడట. గోరింటాకు పిల్లాడివి నువ్వేనా బాబూ అని అడిగాడట. అవునంటే, ఆడపెళ్ళివారింట్లో ఏం జరిగిందో మేం అడగలేదు, ఇక్కడ మాత్రం మగపిల్లాడికి ఇవన్నీ వద్దు, వెళ్ళు అన్నాడట.

"గిప్పుడేం చేద్దాం," అన్నాడు జస్టిన్. అడిగినట్టు లేదు, వదిలేసినట్టు ఉంది.

గ్రేస్ అతని సంచిలోంచి ఒక కోను తీసుకుంది.

"నీకు రాదక్కా," అన్నాడు. ఎగతాళిగా అనలేదు. భయంగా అన్నాడు. "నీది సూది. మనిషి తోలు మీద నువ్వు ఎన్నడు గీయలే."

"ఆయన నిన్ను ఆపిండు. నన్ను ఆపలే గదా."

ఆడపెళ్ళివారి తరఫున ఆడవాళ్ళు పళ్ళేలు పట్టుకుని విడిదికి బయలుదేరుతున్నారు. గ్రేస్ ఒక తమలపాకుల పళ్ళెం అందుకుని వాళ్ళలో కలిసింది. కోనును కొంగులో దాచుకుంది. గుమ్మం దగ్గర తెల్ల పంచె కట్టుకుని నిలబడిన పెద్దమనిషి ఆడవాళ్ళకు దారి ఇచ్చి పక్కకు తప్పుకున్నాడు. ఆమె అతని ముందు నుంచే లోపలికి నడిచింది.

ఉదయ్ భాస్కర్ లోపలి గదిలో కూర్చుని ఉన్నాడు. ఆమెను చూడగానే చొక్కా చెయ్యి పైకి మడిచి, చెయ్యి చాపాడు. ఆ చేతి మీద వెంట్రుకలున్నాయి. గుడ్డ కాదు అది. వెచ్చగా ఉంది, నాడి కొట్టుకుంటోంది.

ఆమె కోను నొక్కింది. ముద్ద ఒక్కసారిగా ఉబికి బొట్టుగా పడింది. తుడిచేసి మళ్ళీ పెట్టింది. జస్టిన్ లాగే పొడుగు గీత లాగాలనుకుంది. గీత వంకరైంది, లావైంది, మధ్యలో తెగింది. మళ్ళీ తుడిచింది. బయట సన్నాయి వాళ్ళు శ్రుతి చూసుకుంటున్నారు.

"తొందరేం లేదండీ," అన్నాడు ఉదయ్. అతని కాలు మాత్రం ఆగకుండా ఊగుతోంది.

గ్రేస్ కళ్ళు మూసుకుని ఒక ప్రార్థన అనుకుంది. కళ్ళు తెరిచాక గీత లాగలేదు. ఒక చిన్న చుక్కలాంటి గీత పెట్టి ఎత్తేసింది. కాస్త ఎడం వదిలి ఇంకొకటి. మళ్ళీ ఇంకొకటి. చెయ్యి గుర్తుపట్టింది. గుడ్డలోకి దిగి పైకి లేచే సూది నడక అది, ఆమెకు ఊపిరంత అలవాటైన పని. కోను దిగుతోంది, లేస్తోంది. తెగిన చుక్కలన్నీ కలిసి తీగ అవుతున్నాయి. ఆకు అంచున పొట్టి కుట్లు, ఆకు నడుమ పొడుగు కుట్లు. మణికట్టు దాటేసరికి ఆమె ఒళ్ళు తేలికైపోయింది. నవ్వు వస్తోంది. తమ్ముడు రోజూ అనుభవించేది ఇదేనా అనుకుంది.

 తెల్ల పంచె అంచు ఆమె కంటికి కనిపించింది.

"ఏం చేస్తున్నావమ్మా?" అన్నాడు పెదనాన్న.

గ్రేస్ చెయ్యి ఆపలేదు. ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనేమోనని భయం. "పెళ్ళికూతురి చెయ్యి మీద తీగ సగమే ఉంది సార్. మిగిలింది ఇక్కడ."

"తెర కుట్టింది ఈవిడే పెదనాన్నా," అన్నాడు ఉదయ్. "నేనే రమ్మన్నాను."

పెదనాన్న ఒక కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. అతని చూపు గ్రేస్ మెడ మీద బరువుగా ఆనింది. అయినా కుట్టు తప్పలేదు. చివరి ఆకు అయ్యాక అతను గోడ గడియారం చూసి, ముహూర్తం దగ్గర పడింది, లేవండి అని మాత్రం అన్నాడు. గ్రేస్ ఆరీ ఆరని ముద్దను తడిగుడ్డతో తుడిచేసింది.

*

మండపం మీద తెర పట్టారు.

గ్రేస్ పక్కగా నిలబడింది. జస్టిన్ ఆమె వెనకే ఉన్నాడు. విడిదిలో ఏమైందో అడగడానికి అతనికి టైము దొరకలేదు. తెరకు ఇటు నాగలత, అటు ఉదయ్. పురోహితుడు మంత్రం ఎత్తుకున్నాడు. బాజా ఒక్కసారిగా హోరెత్తింది.

నాగలత చెయ్యి పైకి లేచి తెర అంచు మీదుగా వాలింది. తీగ గుడ్డ మీంచి ఆమె మోచెయ్యి ఎక్కింది. అతుకు లేదు. ముదురు ఎరుపు ఆకులు వరసగా అవతలికి వెళ్ళిపోయాయి. ముందు వరసలో కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. వెనకవాళ్ళు కుర్చీలెక్కారు.

అదే క్షణంలో అవతలి నుంచి ఉదయ్ చెయ్యి వచ్చింది.

దాని మీద కూడా తీగ ఉంది. కానీ అది ఎర్రగా లేదు. లేత నారింజ రంగులో, అప్పుడే చిగురించినట్టు ఉంది. గీత గీతగా కాదు, కుట్టు కుట్టుగా ఉంది. రెండు చేతులూ తెర అంచు మీద ఒకదానికొకటి ఎదురై, దాటిపోయాయి. నాగలత కళ్ళు తన ముందుకు వచ్చిన ఆ చేతి మీద నిలిచిపోయాయి. జీలకర్ర బెల్లం ఆమె వేళ్ళ మధ్యే ఉంది. పురోహితుడు రెండుసార్లు గుర్తు చేస్తే గానీ ఆమె చెయ్యి కదలలేదు.

తెర పట్టుకున్నవాళ్ళకు దాన్ని దించాలని తోచలేదు. వాళ్ళూ చూస్తున్నారు.

జస్టిన్ గ్రేస్ చెవి దగ్గరికి వంగాడు. "గది నా చెయ్యి కాదు. నువ్వు గీసినవా?"

ఆమె తల ఊపింది.

"కుట్టినట్టున్నది గదనే." అతను పక్కనున్న ఫోటోగ్రాఫర్ భుజం పట్టి ఊపి, గ చెయ్యి మా అక్క గీసిందన్నా, దగ్గరికెల్లి తియ్యి అని చెప్పాడు. అటు పక్కనున్న ముసలాయనకూ చెప్పాడు. ఎవరు కనిపిస్తే వాళ్ళకు చెప్పాడు.

తెర దిగింది. అక్షింతలు వానలా పడ్డాయి.

ఆ తర్వాత గ్రేస్‌కు నిలబడటానికి చోటు దొరకలేదు. మగపెళ్ళివారి ఆడవాళ్ళంతా ఆమె చుట్టూ చేరారు. ఒకామె అరచెయ్యి చాపింది, ఇంకొకామె ఫోను నంబరు అడిగింది. ఇలాంటి కుట్టు గోరింటాకు తామెక్కడా చూడలేదన్నారు. ఆమె జవాబు చెబుతూనే తమ్ముడి కోసం వెతికింది. అతను గుంపు బయట కోన్ల సంచితో నిలబడి ఉన్నాడు. పెళ్ళిళ్ళలో ఎప్పుడూ గుంపు మధ్యలో ఉండేది అతను. బయట నిలబడేది తను.

ఆడవాళ్ళు ఉన్నట్టుండి దారి ఇచ్చారు. పెదనాన్న వస్తున్నాడు. అతని భుజం మీద మడతపెట్టిన అడ్డుతెర ఉంది. నేల మీద పడకుండా తనే తీసినట్టున్నాడు.

"నీ పేరేంటమ్మా?"

"గ్రేస్ అండీ."

అతను ఆ పేరును ఒకసారి తనలో తాను అనుకున్నాడు. తర్వాత నిదానంగా మాట్లాడాడు. తన కూతురి పెళ్ళి మాఘంలో ఉందనీ, తెర ఆమే కుట్టాలనీ, పెళ్ళికూతురి చెయ్యీ పెళ్ళికొడుకు చెయ్యీ కూడా ఆమే గీయాలనీ చెప్పాడు. సత్తుపల్లిలో తమ చుట్టాలందరికీ తనే చెబుతానన్నాడు. మండపం మీద ఇందాక జరిగింది తన కళ్ళ ముందు నుంచి పోవడం లేదన్నాడు. అంత పెద్దమనిషి కళ్ళు తడిగా ఉండటం గ్రేస్ చూసింది. ఆమెకు కాళ్ళు నేల మీద ఆనడం లేదు.

"ఒక్క మాట," అన్నాడతను. "నువ్వొక్కదానివే రా. ఆ అబ్బాయిని తీసుకురావద్దు. నేను చెప్పిన మాట మీద నేను నిలబడాలి కదా."

గ్రేస్ చప్పున గుంపు బయటికి చూసింది. జస్టిన్ అక్కడ లేడు. ఆమె పక్కకు వచ్చేసి ఉన్నాడు. అంతా విన్నాడు.

భుజం మీంచి కోన్ల సంచి తీసి, ఆమె భుజానికి తగిలించాడు. పట్టీ మెడ దగ్గర మెలి పడితే దాన్ని సరిచేశాడు కూడా. ఆ పని చేస్తున్నంతసేపూ ఆమె ముఖంలోకి చూడలేదు.

"వస్తది సార్," అన్నాడు పెదనాన్నతో. అతని గొంతులో అంత మర్యాద గ్రేస్ పుట్టి బుద్ధెరిగాక వినలేదు. "మా అక్క ఎందుకు రాదు."

చెప్పి, జనంలోంచి దారి చేసుకుంటూ గేటు వైపు నడిచాడు.

గ్రేస్ ఇంకా నోరు తెరవనే లేదు.